వెంటనే అంటే ఎంత?

గురువారం పొద్దున పదిన్నర వేళ బెర్నడెట్ కచ్‌మరెక్ టొలీడో నగర నీటి పరీక్షల ల్యాబులో ఏరీ సరస్సు నీళ్ళు పట్టిన ఇరవై నాలుగు సీసాలు వరసగా పేర్చుకుని, ఒక్కొక్క దాంట్లో మూడేసి చుక్కల మందు వేస్తోంది. పదిహేడో సీసా దగ్గర ఫోను మోగింది. చుక్కలు లెక్కపెట్టేటప్పుడు దేవుడు పిలిచినా ఆమె పలకదు. ఫోను మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. మూడోసారికి పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి ఉండబట్టలేక, "ఎవరికో ఏదో అయినట్టుంది, తియ్యండి బెర్నీ" అంది.

"ఎవరికీ ఏమీ కాలేదు. ఆర్లో అయ్యుంటాడు. వాడికి చొక్కా గుండీ ఊడినా మూడుసార్లు మోగిస్తాడు."

ఇరవై నాలుగో సీసాకి మూత బిగించాకే ఆమె ఫోను తీసింది.

"మనల్ని దొంగలంటున్నాడే తల్లీ!" అన్నాడు ఆర్లో. "న్యూయార్కులో కూర్చుని, కోటు తొడుక్కుని, నవ్వుతూ మరీ అంటున్నాడు. దేశం దేశమంతా వింటోంది. చూడు, చూడు!"

ఆమె ఫోన్లోనే పెట్టి చూసింది. పొద్దున్నే దేశమంతా కాఫీతో పాటు పుచ్చుకునే స్పోర్ట్స్ ఛానెల్ అది. టొలీడో గ్లేజర్స్ బాస్కెట్‌బాల్ ఆట అందులో ఏడాదికి ఒక్కసారి కనిపిస్తే గొప్ప. యాభై ఆరు ఆటలు గెలిచిన జట్టండీ! లాస్ ఏంజెలెస్ జట్టు అందులో సగం గెలిచింది. అయినా వాళ్ళ ఆటగాడు తుమ్మితే ఆ ఛానెల్లో గంటసేపు చర్చ, చీదితే రెండు గంటలు. అలాంటి చోట బ్రెంట్ హాలొవే అనే పెద్దమనిషి ఇవాళ పనిగట్టుకుని టొలీడో పేరెత్తాడంటే మంచికి కాదని బెర్నీకి అప్పుడే అర్థమైంది.

"కోర్టెజ్ పెట్‌వే మంచి ఆటగాడే, కాదనను" అంటున్నాడు హాలొవే. ఆ అబ్బాయి ఇంటిపేరు పెటవే. నాలుగేళ్ళయినా ఆ ఛానెల్లో ఒక్కడి నోరూ తిరగలేదు. "సగటున ఆటకి ముప్పై పాయింట్లు, పది అసిస్టులు అంటున్నారు. ఎన్నేళ్ళుగానో ఎవరూ అందుకోని లెక్క. సరే. ఆ అసిస్టులు రాసేదెవరు? టొలీడోలో కూర్చున్న టొలీడో వాళ్ళు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే!"

"ఇంతకీ టొలీడో స్పెయిన్‌లో కదూ ఉండేది?" అన్నాడు పక్కనున్నవాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

తరవాత ఒక ముక్క చూపించారు. జనవరిలో ఆడిన ఆట. పెటవే బంతి అందించాడు, ముప్పై ఒకటో నంబరు ఆస్ట్రాండర్ అందుకున్నాడు. నేలకేసి రెండు దెబ్బలు కొట్టి, ఆగి, అటూ ఇటూ చూసి, వేస్తున్నట్టు నటించి, అప్పుడు వేశాడు. బుట్టలో పడింది. దాన్ని పెటవే ఖాతాలో అసిస్టుగా రాశారు. "ఈలోపు నేను ఇంటికెళ్ళి భోంచేసి రావచ్చు!" అన్నాడు హాలొవే. మళ్ళీ చూపించారు. మెల్లగా చూపించారు. ఎర్ర గీత చుట్టి చూపించారు.

బెర్నీకి ఆ ఎర్ర గీత అక్కర్లేదు. ఎందుకంటే ఆ ఒక్కటీ నిజంగానే తప్పు, ఆ తప్పు ఆమెదే. ఆ రాత్రి మేజా మీద మంచినీళ్ళ సీసా దొర్లి కాగితాలు తడుస్తుంటే ఒక్క క్షణం కళ్ళు దించింది. తలెత్తేసరికి బంతి బుట్టలో ఉంది. అలవాటు కొద్దీ నోరు జారింది.

ఇరవై రెండేళ్ళుగా, ల్యాబు పని కాక, సొంతూళ్ళో జరిగే ఆటలకి లెక్క రాయించడం ఆమె పని. ఆట కోర్టు పక్కనే పొడుగు మేజా, మేజా వెనక ఆమె, ఆమె పక్కన ఆర్లో జెర్నిగన్. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చి రిటైరైన మనిషి కాబట్టి వేళ్ళు ఇప్పటికీ పరుగులు తీస్తాయి. ఆమె చూసి చెబుతుంది, అతను తిరిగి పలికి కంప్యూటర్లో కొడతాడు. బుట్టలో పడని బంతిని పెటవే చేజిక్కించుకున్నాడంటే, "ఏడు, రీబౌండు." "ఏడు, రీబౌండు." మేజా దగ్గర ఆటగాళ్ళకి పేర్లుండవు, నంబర్లే. చప్పట్లుండవు, కేకలుండవు. ఒక మనిషి బంతి అందిస్తే, అందుకున్నవాడు వెంటనే బుట్టలో వేస్తే, అందించినవాడికి దక్కేది అసిస్టు. 'వెంటనే' అంటే ఎంత వెంటనే? తిరకాసంతా అక్కడే ఉంది. అది తేల్చేది యంత్రం కాదు, మేజా దగ్గర కూర్చున్న మనిషి.

"బెర్నీ, ఉన్నావా?" అన్నాడు ఆర్లో. "పెటవేకి ఓటు వెయ్యొద్దని తోటి రాతగాళ్ళందరికీ చెబుతున్నాడు. సోమవారం మధ్యాహ్నానికి ఓట్లు ముగుస్తాయి. మన మూలాన ఆ పిల్లాడికి ఉత్తమ ఆటగాడి బహుమతి పోతుందే!"

"మన మూలాన కాదు" అంది బెర్నీ. "నా మూలాన."

శుక్రవారం మధ్యాహ్నం లీగు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆదివారం ఒంటిగంటకి జరిగే ఆఖరి ఆటని దేశమంతా చూపిస్తారు కనుక, గణాంకాల మేజా వెనక పరిశీలకుడు ఒకాయన కూర్చుంటాడు. పేరు ఇరా నస్‌బామ్. దయచేసి సహకరించగలరు.

ఈస్టరుకి ముందు మాంసం మానేసే ఉపవాస దినాల శుక్రవారం కాబట్టి ఆ సాయంత్రం చర్చి హాల్లో చేపల విందు. బెర్నీ ముప్పై ఏళ్ళుగా వెళుతోంది. ఇవాళ మానేస్తే నిజంగానే దొంగనుకుంటారని వెళ్ళింది. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడగానే, వేపుడు చేపలు వడ్డించే లుసిల్లా గరిటె పైకెత్తింది.

"అందరూ చూడండర్రా! వడ్డించేదాన్ని మనదాన్నే!" అంటూ బెర్నీ పళ్ళెంలో నాలుగు ముక్కలు వేసింది. ఒకరికి రెండే లెక్క.

హాలంతా గొల్లుమంది. నవ్వులోనే ఉంది కోపం. పియెరోగీ అనే పోలండు కుడుములు తింటున్నవాళ్ళు ఫోర్కులు వదిలేసి మరీ వచ్చారు. అద్దాల ఫ్యాక్టరీలో రిటైరైన స్టాన్ ఆమె భుజం మీద చరిచాడు.

"ఆదివారం వాడికి పద్నాలుగు కావాలంట కదా? ఇరవై రాసెయ్ బెర్నీ! ఎలాగూ దొంగలన్నారు. దొంగ అనిపించుకున్నాక దొంగతనం చేస్తే తప్పేముంది?"

"వాళ్ళ ఊళ్ళో రాయట్లేదేంటి?" అంది లుసిల్లా. "న్యూయార్కువాడు బంతిని చూసి కన్నుకొట్టినా అసిస్టే! వాళ్ళనెవరూ అడగరు. మనదైతే భూతద్దం పెట్టి వెతుకుతారు."

లెక్క వాళ్ళందరికీ కంఠతా వచ్చు. పెటవే ఇప్పటిదాకా డెబ్బై తొమ్మిది ఆటలాడాడు. మడమ బెణికి రెండు పోయాయి. ఏడువందల ఎనభై ఆరు అసిస్టులున్నాయి. ఆదివారంతో ఎనభై ఆటలు. పది సగటు నిలవాలంటే ఎనిమిదివందలు కావాలి, అంటే పద్నాలుగు.

"నేను చూసింది చెబుతాను స్టాన్" అంది బెర్నీ. "కావాల్సింది కాదు."

"ఆ ముక్క హాలొవేకి చెప్పు, హారతిస్తాడు!"

బెర్నీ రెండు ముక్కలు తిని, రెండు ముక్కలు తిరిగి ట్రేలో పెట్టి ఇంటికొచ్చింది.

శనివారం ఇద్దరూ ఆర్లో ఇంటి వంటగదిలో కూర్చున్నారు. ఉపాయం ఆర్లోదే. "మనం దొంగలమైతే ఏమవ్వాలి? సొంతూళ్ళో వాడి లెక్క ఉబ్బాలి, బయటూళ్ళలో తగ్గాలి. కూడి చూద్దాం. సమానంగా ఉందనుకో, ఆ కాగితం తీసుకెళ్ళి హాలొవే మొహాన కొడదాం." సీజను మొత్తం కాగితాలు మేజా మీద పరిచారు. ఇంటి ఆటలు బెర్నీ చదివింది, బయటి ఆటలు ఆర్లో చదివాడు. క్యాలిక్యులేటర్ ఉన్నా ఇద్దరూ పెన్సిల్‌తోనే కూడారు. ఆర్లో ముందు ముగించాడు.

"బయట నలభై ఆటలకి నాలుగువందల ఇరవై ఏడు. పదీ పాయింట్ ఏడు. నీదెంత?"

బెర్నీ మళ్ళీ కూడింది. కింద నుంచి పైకి కూడింది.

"ముప్పై తొమ్మిది ఆటలకి మూడువందల యాభై తొమ్మిది. తొమ్మిదీ పాయింట్ రెండు."

ఆర్లో కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "తక్కువ! ఇంట్లోనే తక్కువ! చచ్చాడు హాలొవే! బెర్నీ, మనం ఉబ్బించలేదు సరికదా... ఏదీ ఆ ఫోను, రేడియోవాళ్ళకి చెబుతాను, పత్రికకి చెబుతాను, ఫాదర్‌కి చెబితే రేపు ప్రసంగంలో కూడా—"

"కూర్చో ఆర్లో."

"ఏం కూర్చోవడం? గెలిచాం కదే!"

"కూర్చోమన్నానా! ఇంట్లో ఎందుకు తక్కువుంది?"

ఆర్లో కూర్చున్నాడు.

"జనం అరుపులు ఇంట్లో, అలవాటైన నేల ఇంట్లో, సొంత మంచం ఇంట్లో" అంది బెర్నీ. "ఏ ఆటగాడైనా సొంతూళ్ళోనే బాగా ఆడతాడు. ఇంట్లో అన్నం తక్కువ తిని, పొరుగూళ్ళలో కడుపునిండా తినే పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడంటే ఇంట్లో వడ్డించేదాన్ని చూడాలి."

ఆమె బయటూళ్ళ ఆటల వీడియో పెట్టమంది. మొదట డెన్వర్‌లో ఆడింది. పెటవే బంతి అందించిన ప్రతిసారీ ఆర్లో ఆపాడు, ఆమె చెప్పింది. "ఇది ఇస్తాను. ఇదీ ఇస్తాను. ఇది... ఇవ్వను, నేలకి ఒక దెబ్బ కొట్టాడు." డెన్వర్‌వాళ్ళు ఇచ్చారు. "ఇదీ ఇవ్వను." ఇచ్చారు. డెన్వర్‌వాళ్ళు పన్నెండు రాసిన చోట బెర్నీ లెక్కకి తొమ్మిదే వచ్చాయి. ఆమె సంచీలోంచి లీగు నిబంధనల పుస్తకం తీసింది. అంచులు నలిగిపోయి, అట్టకి టేపు వేసిన పుస్తకం. ఆ పేజీ ఆమెకి కంఠతా వచ్చు. కంఠతా వచ్చినదాన్ని మనిషి మళ్ళీ చదవడు, అదే వచ్చిన చిక్కు. ఇవాళ వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. అందుకున్నవాడు వెంటనే బుట్ట వైపు కదలాలి, అని ఉంది. నేలకేసి ఒక దెబ్బ కొడితే చెల్లదని ఎక్కడా లేదు. ఆగకూడదు, వెతకకూడదు, అంతే.

"ఒక్క దెబ్బ కొట్టినా ఇవ్వనని నేనెప్పుడు పెట్టుకున్నాను ఆర్లో?"

ఆర్లో గడ్డం గీరుకున్నాడు. "మొదట్నించీ అంతేగా. మొదటి ఏడాదే అన్నావు, చిన్న ఊరివాళ్ళం, మనం వెంట్రుకంత జారితే వాళ్ళు తాడంత అంటారు, ఎవరూ వేలెత్తకుండా రాయాలి అని."

"వాళ్ళు వేలెత్తకూడదని మన పిల్లాడి నోటికాడ కూడు లాగాను" అంది బెర్నీ. పెన్సిల్ కింద పెట్టింది. "జనవరిలో ఒకటి ఎక్కువిచ్చాను, దేశమంతా చూసింది. ఎన్ని తక్కువిచ్చానో ఎవరు చూశారు?"

ఆర్లో ఆమెకి కాఫీ పోశాడు. ఆమె తాగలేదు.

ఆదివారం హాలు పద్దెనిమిది వేల మందితో కిక్కిరిసింది. పదకొండింటికే నిండిపోయింది. "పెటవే! పె-ట-వే!" అని మూడు ముక్కలుగా విడదీసి, ఛానెల్‌వాళ్ళ మైకుల వైపు తిరిగి పలకడం నేర్పుతున్నట్టు అరుస్తున్నారు. పై వరసలో ఎవరో పెద్ద బ్యానర్ కట్టారు: టొలీడో, ఒహాయో, స్పెయిన్ కాదు. చెప్పొద్దూ, బెర్నీకి కూడా నవ్వొచ్చింది. పెదాలు బిగించుకుంది.

నస్‌బామ్ సన్నగా, బట్టతలతో ఉన్నాడు. వాళ్ళ వెనక కుర్చీలో కూర్చుని ఆరు పెన్సిళ్ళు చెక్కుకున్నాడు. "నేను లేననుకోండి" అన్నాడు. ఆయన ఊపిరి బెర్నీ మెడకి తగులుతోంది. లేడని ఎలా అనుకోవడం?

ఆట మొదలైంది. అవతల లాస్ ఏంజెలెస్ జట్టు. వాళ్ళకి పోయేదేమీ లేదు కాబట్టి దెయ్యాల్లా ఆడుతున్నారు. మొదటి క్వార్టర్లో పెటవే ఐదు అందించాడు, ఐదూ కడిగిన ముత్యాలు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే వేశాడు. "ఏడు, అసిస్టు." "ఏడు, అసిస్టు." రెండో క్వార్టర్లో మొదటి గండం వచ్చింది. పెటవే వీపు వెనక నుంచి బంతి విసిరాడు, పన్నెండో నంబరు పట్టుకుని ఒక దెబ్బ కొట్టి లోపలికి దూసుకుపోయి వేశాడు. "పన్నెండు, రెండు పాయింట్లు" అంది బెర్నీ. ఆపేసింది. ఆర్లో తల తిప్పి చూశాడు. ఆమెకి అప్పుడు తెలిసింది, నిన్న బుర్రకెక్కింది నాలుకకి ఎక్కలేదని. ఇరవై రెండేళ్ళ అలవాటు ఒక్క శనివారంతో పోతుందా? దిద్దుదామని నోరు తెరిచేలోపు అవతలివాళ్ళు పరిగెత్తుకొచ్చేశారు. బంతి మీంచి కళ్ళు తీస్తే జనవరి మళ్ళీ వస్తుంది. రెండు నిమిషాల తరవాత అచ్చం అలాంటిదే ఇంకోటి జరిగింది. ఈసారి నాలుక చివరిదాకా వచ్చింది. వెనక నస్‌బామ్ పెన్సిల్ బరబరా గీస్తున్న చప్పుడు వినపడింది, మాట వెనక్కి పోయింది.

విరామంలో ఆర్లో ఒక చెవిలో పెట్టుకున్న చిన్న రేడియో వింటూ గుసగుసలాడాడు. "టీవీలో అంటున్నారంట, వడ్డన మొదలవ్వలేదింకా, నాలుగో క్వార్టర్ దాకా ఆగండి అని."

"అది చెవిలోంచి తీసి జేబులో పెట్టు. లేకపోతే నా చేతిలో అయిపోతావు."

మూడో క్వార్టరు ముగిసేసరికి పదకొండు. నాలుగో దాంట్లో ఐదు నిమిషాలుండగా పన్నెండు, రెండు నిమిషాలుండగా పదమూడు. జనం పాయింట్లు చూడటం మానేశారు. హాలు నడినెత్తిన వేలాడే తెర మీద పెటవే పేరు పక్కన ఆ అంకెనే చూస్తున్నారు. కానీ ఆట కూడా పీకల మీదకొచ్చింది. నలభై సెకన్లున్నాయి, అవతలివాళ్ళు ఒక పాయింటు ముందున్నారు. ఆర్లో చెంపల మీద చెమట ధారగా కారుతోంది. బెర్నీ అరచేతులు మేజా మీద బోర్లించి అదిమి పట్టుకుంది.

పెటవే బంతి తీసుకుని మధ్యలోంచి దూసుకెళ్ళాడు. ముగ్గురు మీద పడ్డారు. వాడు గాల్లోకి లేచాడు, వేస్తాడనే అనుకున్నారంతా. వెయ్యలేదు. చూడకుండా, తల తిప్పకుండా, ఎడమ మూలకి విసిరాడు. అక్కడ ఆస్ట్రాండర్ ఉన్నాడు. జనవరి ముక్కలో ఉన్న ఆస్ట్రాండరే! పట్టుకున్నాడు. ఒకడు చేతులు చాపుకుని మీదికి ఎగిరొచ్చాడు. ఆస్ట్రాండర్ బంతిని ఒకే ఒక్క దెబ్బ నేలకేసి పక్కకి తప్పుకుని, అదే ఊపులో వేశాడు. బంతి పైకి లేచి, రింగు తాకకుండా దిగింది.

హాలు పేలిపోయింది. మేజా గడగడలాడింది. ఆర్లో వేళ్ళు మీటల మీద గాల్లో ఆగి ఉన్నాయి.

"ముప్పై ఒకటి, మూడు పాయింట్లు" అంది బెర్నీ.

"ముప్పై ఒకటి, మూడు పాయింట్లు."

ఇస్తే రేపు పొద్దున ఈ ముక్కకే ఎర్ర గీత చుడతారు. అదే మనిషి, అదే మేజా, ఆఖరి నిమిషం, కావాల్సిన పద్నాలుగోది. ఇంతకంటే బాగా దొరికిన దొంగ ఉండదు. ఇవ్వకపోతే ఆమెని ఒక్కరూ వేలెత్తి చూపరు, టొలీడో నిజాయితీపరులని హాలొవేనే పొగుడుతాడేమో కూడా. ఇదంతా ఆలోచించడానికి ఆమెకి పట్టింది ఒక్క రెప్పపాటు. ఆగాడా? లేదు. వెతికాడా? లేదు.

"ఏడు, అసిస్టు" అంది గట్టిగా.

"ఏడు, అసిస్టు!" ఆర్లో గొంతు చీరుకుపోయింది.

నెత్తిన తెర మీద పదమూడు పోయి పద్నాలుగు పడింది. ఆ తరవాత లాస్ ఏంజెలెస్ వాళ్ళు వేసిన బంతి రింగు మీద రెండుసార్లు ఎగిరి బయటపడటం, గంట మోగడం, జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడవడం, ఏదీ బెర్నీ సరిగ్గా వినలేదు. ఆమె చెవుల్లో వెనక పెన్సిల్ చప్పుడే ఉంది.

ఆటయ్యాక నస్‌బామ్ ఇద్దర్నీ మేజా వెనకున్న చిన్న గదిలోకి తీసుకెళ్ళాడు. గోడ మీద టీవీ మూగగా ఆడుతోంది. అందులో లాస్ ఏంజెలెస్ ఆటగాడు ఒక్కొక్కరితో చేతులు కలుపుతున్నాడు, అదే పది నిమిషాల నుంచీ చూపిస్తున్నారు. పెటవే మొహం కాసేపు కనిపించి పోయింది, కింద పేరులో ఒక అక్షరం తక్కువ.

నస్‌బామ్ పద్నాలుగోదాన్ని నాలుగుసార్లు తిప్పి చూశాడు. మెల్లగా చూశాడు. పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఇందులో చూడ్డానికేమీ లేదండీ. శుభ్రమైన అసిస్టు. ఎవరడిగినా నేను చెబుతాను. మీరిక నిశ్చింతగా ఇంటికెళ్ళవచ్చు."

ఆర్లో బెర్నీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. బయటపడ్డారు! పేరు నిలబడింది, పిల్లాడి లెక్కా నిలబడింది. అక్కడితో లేచిపోతే సరిపోయేది. బెర్నీ లేవలేదు.

"రెండో క్వార్టరు పెట్టండి" అంది. "ఏడు నిమిషాల దగ్గర. తరవాత ఐదు దగ్గర."

"అవసరం లేదండీ. ఆయనకి కావాల్సినవి వచ్చేశాయి."

"ఆయనకి కావాల్సినవి కాదు, ఆయనవి. పెట్టండి."

నస్‌బామ్ పెట్టాడు. చూశాడు. తన కాగితం తిప్పి చూపించాడు. ఆ రెండింటి దగ్గరా ప్రశ్న గుర్తులున్నాయి. "నేనూ అనుకున్నాను. ఎందుకివ్వలేదా అని" అన్నాడు. "ఇవీ అసిస్టులే. మొత్తం పదహారు."

"ఇంకా ముప్పై తొమ్మిది ఆటలున్నాయి, ఈ ఏడాదివి" అంది బెర్నీ. "అన్నీ తిరగెయ్యండి. జనవరిలో నేను ఎక్కువిచ్చిన ఒకటి తీసెయ్యండి. తక్కువిచ్చినవన్నీ కలపండి."

"ఇంతవరకూ ఏ ఊరూ తన మీద తనే ఫిర్యాదు చేసుకోలేదండీ" అన్నాడు నస్‌బామ్. ఫారం తీశాడు. "తప్పు ఎవరిదని రాయను?"

"బెర్నడెట్ కచ్‌మరెక్ అని రాయండి. ఆ పేరు మీ అంతట మీకు రాయడం రాదు, అక్షరాలు నేను చెబుతాను."

అప్పుడే తలుపు తోసుకుని పెటవే వచ్చాడు. రెండు మోకాళ్ళకీ ఐసు గడ్డలు కట్టుకుని, రబ్బరు చెప్పులతో, గుమ్మంలో పట్టనంత ఎత్తున. ఎవరు చెప్పారో, పదహారని అప్పుడే తెలిసిపోయింది. బెర్నీ లేచి నిలబడింది. నాలుగేళ్ళలో ఆ అబ్బాయిని నంబరు పెట్టి తప్ప పిలిచింది లేదు.

"మిస్టర్ పెటవే, మీకో మాట చెప్పాలి. మీరొచ్చిన దగ్గర్నించీ నేను మీ అసిస్టులు కోస్తున్నాను. కావాలని కాదు. కానీ కోశాను. నేలకి ఒక్క దెబ్బ పడితే ఇచ్చేదాన్ని కాదు."

పెటవే ఆమె కళ్ళలోకి చూశాడు. తరవాత ఆ చిన్న గది అదిరేలా నవ్వాడు.

"తెలుసు మిస్ బెర్నీ! జట్టు మొత్తానికి తెలుసు. మొదటి ఏడాది ఒళ్ళు మండి కోచ్ దగ్గరికెళ్ళాను. ఆవిడ మారదు, నువ్వు మారు అన్నాడు. అందుకని ప్రాక్టీసులో ఒక రూలు పెట్టాను. నేనిచ్చిన బంతిని ఎవడైనా నేలకేసి కొట్టాడా, అందరూ కలిసి 'బెర్నీ!' అని అరవాలి. అనిపించుకున్నవాడు కోర్టు చుట్టూ ఒక రౌండు పరిగెత్తాలి. ఆస్ట్రాండర్‌గాడు ఈ ఏడాది పరిగెత్తిన పరుగుకి షికాగో వెళ్ళిపోయుండేవాడు!"

"నా పేరా?" అంది బెర్నీ.

"మీ పేరే. ఇవాళ్టితో యాభై ఏడు ఆటలు ఎలా గెలిచామనుకున్నారు? పట్టుకో, వెయ్యి. దేశంలో మనంత చురుగ్గా బంతి కదిపేవాళ్ళు లేరు. ఆ సంగతి టీవీవాళ్ళకి తెలీదు, వాళ్ళు మన ఆట చూస్తేగా!" అని, నవ్వు ఆపేశాడు. కుర్చీ వీపు పట్టుకుని కొంచెం వంగాడు. "కానీ నవ్వాను కదా అని వదిలేస్తాననుకోకండి. ఆ ముప్పై తొమ్మిది ఆటలూ తిరగేయించండి. ఓటు వేస్తారో మానేస్తారో వాళ్ళిష్టం. నావి నాకు రావాలి. బయటివాళ్ళు నన్ను చూడకపోతే సరే అనుకున్నాను. మీరు రోజూ చూస్తూ కూడా రాయకపోతే ఎవరికి చెప్పుకోను మిస్ బెర్నీ?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. హాలొవే అన్నవేవీ అంత లోపలికి దిగలేదు.

"వస్తాయి" అంది. "ఒక్కటి పోకుండా వస్తాయి. నేను పక్కన కూర్చుని చూపిస్తాను."

"మరి నా పేరు దేనికీ పెట్టలేదా?" అన్నాడు ఆర్లో దిగులుగా.

"మీరు చెప్పింది కొట్టే మనిషి. మీ మీద ఎవరికీ కోపం రాలేదు" అన్నాడు పెటవే.

నడవలోంచి ఆస్ట్రాండర్ తల లోపలికి పెట్టాడు, జుట్టంతా తడి, భుజాన తువ్వాలు. "నాది లెక్కలోకొచ్చిందా లేదా? పద్నాలుగోది?"

"వచ్చింది" అన్నాడు పెటవే. "కానీ ఒక దెబ్బ కొట్టావు."

ఆస్ట్రాండర్ మొహం వేలాడేశాడు. బట్టలు మార్చుకునే గది వైపు నుంచి పన్నెండు గొంతులు ఒక్కసారి లేచాయి, గోడలు దద్దరిల్లేటట్టు: "బెర్నీ!"

బెర్నీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. సిగ్గుగా ఉంది. ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. రెండూ ఒక్కసారే ముంచుకొస్తే ఏడుపొచ్చింది. ఖాళీ అవుతున్న హాల్లో, నేలంతా రంగు కాగితాల ముక్కలు పరుచుకున్న కోర్టు మీదికి ఆస్ట్రాండర్ తువ్వాలు భుజానే వేసుకుని చెప్పులతో దిగాడు. నిజంగానే పరిగెత్తాడు. అవతలి మూల అడ్డదారి తొక్కి రెండు అడుగులు మిగుల్చుకోబోయాడు.

"చివరి గీతదాకా వెళ్ళు నాయనా" అంది బెర్నీ కళ్ళు తుడుచుకుంటూ. "ఇక్కణ్ణించి అంతా కనిపిస్తోంది."